ఇన్యాత్సియో సిలోనే: స్వేచ్ఛ, సత్యం, అధికారం

ఇన్యాత్సియో సిలోనే (1900–1978) ఇటలీకి చెందిన నవలా రచయిత, వ్యాసకర్త, రాజకీయ కార్యకర్త. అసలు పేరు సెకొందీనో త్రాంక్విల్లీ. 1921లో ఇటలీ కమ్యూనిస్టు పార్టీ పుట్టినప్పుడు దాన్ని నిలబెట్టిన యువకుల్లో ఒకడు. 1931లో అదే పార్టీ ఆయన్ను వెలివేసింది. ముస్సోలినీ ప్రభుత్వం వేట నుంచి తప్పించుకుని స్విట్జర్లాండ్‌లో తలదాచుకున్న రోజుల్లో రాసిన ‘ఫొంతమారా’, ‘రొట్టె, ద్రాక్షసారా’ నవలలు ఆయన పేరును ప్రపంచమంతా తెలిసేలా చేశాయి. సొంత దేశంలో మాత్రం ఆ పుస్తకాలు ఫాసిస్టు పాలన పోయేదాకా చట్టప్రకారం అచ్చుకు నోచుకోలేదు.

స్వేచ్ఛ, సత్యం, అధికారం గురించి సిలోనే జీవితమంతా ఆలోచించాడు కాని సిద్ధాంత గ్రంథమేదీ రాయలేదు. ఆయన ఆలోచనంతా సంఘటనల్లోనే ఉంటుంది. అందులో ఒక సంఘటన రకరకాల రూపాల్లో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది: ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి, చదవని కాగితం మీదో, అసలేమీ రాయని కాగితం మీదో సంతకం అడుగుతాడు. 1927లో మాస్కోలో ఆయనకే ఆ అనుభవం ఎదురైంది. మూడేళ్ల తర్వాత రాసిన తొలి నవలలో ఒక కొండపల్లె రైతులకు ఎదురైంది. అధికారం మనిషిని లొంగదీసుకోవడం దెబ్బలతో మొదలు కాదు, ఆ సంతకంతో మొదలవుతుందని సిలోనే నమ్మాడు. ఆయన రచనల్లోకి ప్రవేశించడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

నేల, నీళ్లు, ప్రభువులు

సిలోనే 1900 మే 1న మధ్య ఇటలీలోని అబ్రుజ్జో ప్రాంతంలో, మార్సికా కొండల నడుమ ఉన్న పెషీనాలో పుట్టాడు. తండ్రి కొద్దిపాటి భూమి ఉన్న రైతు, తల్లి నేతపని చేసేది. ఊరికి దిగువన ఒకప్పుడు ఫూచినో అనే పెద్ద సరస్సు ఉండేది. ఇటలీలో మూడో పెద్ద సరస్సు అది. రోమన్ చక్రవర్తి క్లాడియస్ కాలం నుంచీ దాని నీళ్లు తోడే ప్రయత్నాలు సాగినా, చివరికి ఆ పని పూర్తిచేసింది 19వ శతాబ్దపు రెండో సగంలో అలెస్సాంద్రో తొర్లోనియా అనే ధనిక ప్రభువు. సరస్సు ఎండి, దాదాపు 16,000 హెక్టార్ల సారవంతమైన భూమి బయటపడింది. అదంతా తొర్లోనియా కుటుంబం పాలైంది. చుట్టూ కొండల మీద బతికే రైతులు అదే నేల మీద కౌలుదార్లుగా, కూలీలుగా మిగిలారు. 1950ల మొదట్లో భూసంస్కరణలు వచ్చేదాకా ఆ ఏర్పాటు చెక్కుచెదరలేదు.

ఈ రైతులను అక్కడ ‘కఫోనీ’ అంటారు; పట్నంవాళ్ల నోట అది తిట్టు. సిలోనే నవలల్లో కథానాయకులు వాళ్లే. ‘ఫొంతమారా’లో ఒక రైతు లోకం తీరును వివరిస్తూ దేవుడి దగ్గర మొదలుపెట్టి, తొర్లోనియా ప్రభువు, ఆయన కావలివాళ్లు, వాళ్ల కుక్కలు అంటూ దిగివచ్చి, తనలాంటివాళ్లను ఆ కుక్కలకన్నా ఎన్నో మెట్లు కింద నిలబెడతాడు. ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఊళ్లో ఎవరి ఇల్లు ఎక్కడో చెప్పినంత మామూలుగా చెబుతాడు. అధికారం గురించి సిలోనే చెప్పిన మొదటి సంగతి ఇదే. అది పాతబడేకొద్దీ కొండలా, వానలా ప్రకృతిలో కలిసిపోయి కనిపిస్తుంది.

చిన్ననాటి జ్ఞాపకాల్ని ఆయన ‘అత్యవసర ద్వారం’ (1965) అనే పుస్తకంలో రాశాడు. అందులో రెండు ఘట్టాలు ఆయన పునాదిని చూపిస్తాయి. మొదటిది: చిరిగిన బట్టలతో ఉన్న ఒక మనిషిని పోలీసులు సంకెళ్లతో వీధివెంట నడిపించుకుపోతుంటే చూసి పిల్లవాడు నవ్వాడు. తండ్రి చెవి పట్టుకుని లోపలికి లాక్కుపోయి, పట్టుబడినవాణ్ని చూసి ఎన్నడూ నవ్వకూడదని గట్టిగా చెప్పాడు. ఎందుకంటే అతను తన తరఫున తాను మాట్లాడుకోలేడు, నిర్దోషి అయినా కావచ్చు, ఎట్లా చూసినా కష్టంలో ఉన్నవాడు.

రెండోది చర్చిలో మతపాఠాలు వినే పిల్లల కోసం వేసిన బొమ్మలాట. ఆటలో ఒక పిల్లవాణ్ని సైతాను తరుముతుంటాడు. దాక్కున్న పిల్లవాడి జాడ చెప్పమని సైతాను బొమ్మ చూస్తున్న పిల్లలనే అడిగింది. పిల్లలంతా ఒక్క గొంతుతో వాడు లిస్బన్ వెళ్లిపోయాడని అరిచారు. ఆ తర్వాత పాఠంలో పూజారి కోప్పడ్డాడు: అబద్ధం పాపం, ఎవరితో ఆడినా పాపమే. మరి పిల్లవాణ్ని సైతానుకు పట్టివ్వాలా? పూజారి దగ్గర దీనికి నేరుగా జవాబు లేదు, సూత్రం మాత్రమే ఉంది. కుర్రవాడు ఒక అడుగు ముందుకేసి, దాక్కున్నది ఆ పిల్లవాడు కాక పూజారిగారే అయితే అప్పుడేం చెప్పాలని అడిగాడు. శిక్షగా మోకాళ్ల మీద నిలబెట్టారు.

ఈ చిన్న కథకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. సత్యవాది అని పేరుపడ్డ రచయిత, సత్యం ఎవరు అడుగుతున్నారో, ఎవరి ప్రాణం మీదికి వస్తుందో చూడకుండా ఇచ్చే జవాబును సత్యమనలేదు. బలవంతుడు నిలదీసి అడిగేదానికీ బలహీనుడు ధైర్యం చేసి చెప్పేదానికీ మధ్య తేడా ఉందని ఆయనకు ఆ వయసులోనే తెలిసింది. తర్వాతి జీవితంలో పోలీసులూ పార్టీలూ అడిగిన ప్రశ్నలకు ఆయన పడ్డ యాతనంతా ఈ తేడా చుట్టూ తిరిగినదే.

భూకంపం, పార్టీ

1915 జనవరి 13 ఉదయం మార్సికాలో భూకంపం వచ్చింది. సుమారు 30,000 మంది చనిపోయారు. తండ్రి 1911లోనే పోయాడు. ఇప్పుడు తల్లి శిథిలాల కింద పోయింది. కుటుంబంలో సెకొందీనో, తమ్ముడు రోమొలో మిగిలారు. శిథిలాల మధ్య అనాథ పిల్లల్ని పోగుచేసుకుని, పరామర్శకు వచ్చిన రాజుగారి కార్లలో ఒకదాన్ని అడక్కుండానే తీసుకుని వాళ్లను ఎక్కించిన ఒక వింత పూజారిని ఆ కుర్రవాడు చూశాడు. ఆయన దోన్ ఓరియోనే. 2004లో కాథలిక్ చర్చి ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది. అధికారం ఉన్నవాడి ముందు భయం లేకుండా, ద్వేషం కూడా లేకుండా నిలబడిన ఆ మనిషి ముద్ర సిలోనే నవలల్లోని మంచి పూజారులందరి మీదా ఉంది.

భూకంపం తర్వాత పునర్నిర్మాణం వచ్చింది, దానితో దోపిడీ వచ్చింది. ప్రభుత్వ ఇంజనీర్లు చేసిన అక్రమాల మీద కుర్రవాడు సోషలిస్టు పత్రిక ‘అవాంతీ!’కి మూడు వ్యాసాలు పంపాడు. మొదటి రెండూ అచ్చయ్యాయి. మూడోది పలుకుబడి గల ఒక న్యాయవాది అడ్డుపడడంతో ఆగిపోయింది. సిలోనే ఈ సంగతి చెప్పి పెద్దగా వ్యాఖ్యానించకుండా ముందుకు సాగిపోతాడు. కానీ తన వైపు పత్రిక కూడా నిజాన్ని ఆపగలదని పదిహేడేళ్లు నిండీ నిండకముందే అనుభవించినవాడు, తర్వాత మాస్కోలో చూసినదాన్ని ఇంకెవరికన్నా ముందుగా గుర్తుపట్టడంలో వింత లేదు.

రోమ్‌లో సోషలిస్టు యువజన సంఘం, 1921 జనవరిలో లివోర్నో మహాసభలో పార్టీ చీలిక, కమ్యూనిస్టు పార్టీ పుట్టుక, ఆపైన రహస్య జీవితం, స్పెయిన్‌లోనూ ఫ్రాన్స్‌లోనూ జైళ్లు, అరెస్టులు. మారుపేర్లలో ఒకటైన ‘సిలోనే’ కలంపేరుగా నిలిచిపోయింది. క్రీస్తుకు పూర్వం 1వ శతాబ్దంలో రోమ్ మీద తిరగబడ్డ మార్సీ జాతి నాయకుడు పొపేదియస్ సిలో పేరులోంచి తీసుకున్నది అది.

చదవని పత్రం: మాస్కో, 1927

1921 నుంచి సిలోనే మాస్కోకు పలుమార్లు వెళ్లాడు. ఆ రోజుల్లో అక్కడ తనకు నచ్చిన కొద్దిమందిలో బోల్షెవిక్ నాయకురాలు అలెగ్జాండ్రా కొల్లొంతాయ్‌ని తలుచుకుంటాడు. క్రెమ్లిన్‌లో వెండి చెంచాలు దొంగిలించినందుకు తనను లెనిన్ అరెస్టు చేయించాడని ఎప్పుడైనా పేపర్లో చదివితే, వ్యవసాయం మీదో పరిశ్రమల మీదో ఆయనతో తనకు చిన్న అభిప్రాయభేదం వచ్చిందని అర్థం చేసుకోమని ఆమె నవ్వుతూ చెప్పిందట. ఇంకొకసారి ప్రపంచ కమ్యూనిస్టు పార్టీల సంఘమైన కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ సమావేశంలో బ్రిటిష్ ప్రతినిధికి ఒక సలహా ఇచ్చారు: ట్రేడ్ యూనియన్ల నిబంధనను ఒప్పుకున్నట్టు పైకి ప్రకటించి, లోపల దానికి విరుద్ధంగా నడుచుకోండి. అది అబద్ధమవుతుంది కదా అన్నాడాయన. గదిలో నవ్వు ఆగలేదు. ఆ మాట ఫోన్లలో మాస్కో అంతా పాకి, స్టాలిన్ దాకా వెళ్లింది. ఆ నవ్వులో తన పార్టీ భవిష్యత్తు తనకు వినిపించిందని సిలోనే ఉద్దేశం.

అసలు ఘట్టం 1927 మే నెలలో జరిగింది. కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ కార్యవర్గ సమావేశానికి ఇటలీ తరఫున పాల్మీరో తొల్యాత్తీ, సిలోనే వెళ్లారు. సిలోనే కథనం ప్రకారం, జర్మన్ నాయకుడు ఎర్న్‌స్ట్ తేల్‌మన్ ఒక తీర్మానం చదివాడు: చైనా విధానం మీద స్టాలిన్ ప్రత్యర్థి ట్రాట్‌స్కీ రాసిన పత్రాన్ని ఖండించాలి. తాము ఆలస్యంగా వచ్చామనీ, పత్రం ఇంకా చూడలేదనీ సిలోనే చెప్పాడు. నిజానికి తామూ చూడలేదని తేల్‌మన్ జవాబిచ్చాడు. అనువాదకుడు పొరబడ్డాడేమోనని సిలోనే అనుకున్నాడు. పొరబాటు లేదు. కళ్లతో చూడని కాగితాన్ని అక్కడున్నవాళ్లంతా ఖండించడానికి సిద్ధంగా ఉన్నారు. పత్రంలో రహస్యాలున్నాయి కాబట్టి చూపించడం కుదరదని స్టాలిన్ వివరించాడు. ఇటలీ ప్రతినిధులు ఒప్పుకోకపోవడంతో చర్చ మర్నాటికి వాయిదా పడింది.

ఆ రాత్రి బల్గేరియా నాయకుడు వసీల్ కొలారోవ్ ఇద్దర్నీ టీకి పిలిచి మనసు విప్పి మాట్లాడాడు. తనూ పత్రం చదవలేదు, చదవాలని కూడా లేదు. ఇది పత్రాల సంగతి కాదు, రెండు ముఠాల మధ్య అధికారం కోసం పోరు. ఎటువైపు ఉండాలో తేల్చుకుంటే చాలు. మర్నాడు కూడా ఇటలీవాళ్లు పట్టు విడవలేదు. ఏకగ్రీవం కాకపోతే తీర్మానం వద్దంటూ స్టాలిన్ దాన్ని ఉపసంహరించుకున్నాడు. తిరుగు ప్రయాణంలో బెర్లిన్‌లో దిగి పేపరు తెరిస్తే, చైనా మీద రాసిన పత్రానికి ట్రాట్‌స్కీని కార్యవర్గం తీవ్రంగా మందలించిందన్న వార్త కనిపించింది.

ఈ కథను సిలోనే అచ్చులో చెప్పింది జరిగిన ఇరవై రెండేళ్ల తర్వాత, 1949లో. జ్ఞాపకం కొన్ని వివరాలకు మెరుగు పెట్టి ఉండవచ్చు. కానీ ఆయన ఇక్కడ పట్టుకున్న సారం పక్కాది. స్టాలిన్‌కు కావలసింది ఆ పత్రం తప్పని రుజువు చేయడం కాదు. చదవకుండానే తప్పనగలిగేవాళ్లు ఎవరో తెలుసుకోవడం. నమ్మి ఒప్పుకున్నవాడి విధేయతకు ఎప్పుడో ఒకప్పుడు సందేహం వస్తుంది. చూడకుండా ఒప్పుకున్నవాడు తన సందేహాన్ని అప్పుడే అప్పగించేశాడు. తొల్యాత్తీ తర్వాత దారి మార్చుకుని పార్టీలో ఉండిపోయి, దాని అగ్రనాయకుడయ్యాడు. సిలోనే మెల్లగా పక్కకు జరిగి, 1931లో బహిష్కరణతో పూర్తిగా బయటపడ్డాడు.

ఈలోగా ఇంట్లో ఇంకో పిడుగు పడింది. 1928లో మిలాన్‌లో రాజుగారి పర్యటనవేళ పేలిన బాంబు కేసులో తమ్ముడు రోమొలోను అరెస్టు చేశారు. ఆ నేరంతో అతనికి సంబంధం ఉందని రుజువు కాలేదు. అయినా కమ్యూనిస్టన్న నేరానికి శిక్ష పడింది. 1932లో ప్రోచిదా ద్వీపం జైల్లో చనిపోయాడు.

తెల్లకాగితం: ‘ఫొంతమారా’

1930లో క్షయరోగంతో, పార్టీతో తెగతెంపుల అంచున, స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో సిలోనే ‘ఫొంతమారా’ రాశాడు. 1933లో జూరిచ్‌లో ముందు జర్మన్ అనువాదంగా వెలువడి, కొద్ది ఏళ్లలోనే ఇరవైకి పైగా భాషల్లోకి వెళ్లింది. ఫొంతమారా అనేది కల్పిత గ్రామం. అక్కడి నుంచి తప్పించుకొచ్చిన తండ్రి, తల్లి, కొడుకు ఒకరి తర్వాత ఒకరు ప్రవాసంలో ఉన్న రచయితకు కథ చెబుతారు.

ఒక జూన్ 1న ఊళ్లో కరెంటు పోతుంది. డబ్బు కట్టలేదని కోసేశారు. ఆ చీకట్లో పెలీనో అనే పెద్దమనిషి పట్నం నుంచి దిగుతాడు. రైతులకు తెలిసిన ఒకే సంగతి, పట్నంవాడు వస్తే పన్ను తెస్తాడని. పన్ను కాదంటాడతను. సంతకాలు చాలు, పైసా ఇవ్వక్కర్లేదు. బయటికి తీసినవి తెల్లకాగితాలు. పన్ను కానప్పుడు పోయేదేముందని ఒక్కొక్కరే పేర్లు చెబుతారు, కొందరు సంతకం పెడతారు. చివర్లో పెలీనో పై కాగితం మీద నాలుగు మాటలు రాసుకుంటాడు: కింద సంతకం చేసినవారు పైన ఉన్నదానికి మద్దతుగా, ఇష్టపూర్వకంగా, ఉత్సాహంగా ఈ సంతకాలు చేశారని. పైన ఏమీ లేదు. ఏముండాలో పైవాళ్లు తర్వాత నిర్ణయిస్తారు.

తీరా అక్కడ చేరిన రాత, ఊరి పొలాలకు నీరందించే ఏటిని రైతులు తమంతట తామే వదులుకున్నట్టు. ఆ నీళ్లు కొత్తగా వచ్చిన కాంట్రాక్టరు భూములకు మళ్లుతాయి. ప్రభుత్వం అతన్నే పట్నానికి అధిపతిగా నియమించింది. ఏటిని మళ్లించే పలుగులు కనిపించాక గాని ఊరికి సంగతి తెలియలేదు.

నవల మొత్తంలో పదునైన ఘట్టం నీళ్ల పంపకం. రైతుల తరఫున మాట్లాడేది దోన్ చిర్కొస్తాంజా అనే ప్లీడరు; తనను తాను ప్రజల నేస్తమని చెప్పుకుంటాడు. ఆయన కుదిర్చే రాజీ ఇది: నీళ్లలో మూడొంతులు, అంటే నాలుగింట మూడు భాగాలు, కాంట్రాక్టరుకు, మిగిలినదాంట్లో నాలుగింట మూడు భాగాలు ఊరికి. ఇద్దరికీ నాలుగింట మూడే కదా, సమానమే కదా అంటాడు. లెక్క వేస్తే ఊరికి దక్కేది పదహారింట మూడు పాళ్లు. అంతే కాదు, ఈ ఏర్పాటు యాభై ఏళ్లుంటుందనేసరికి రైతులు గోల చేస్తారు. ప్లీడరు వాళ్ల పక్షాన నిలబడి దాన్ని పది ‘లుస్ట్రు’లకు తగ్గిస్తాడు. లుస్ట్రమంటే అయిదేళ్లని రైతులకు తెలియదు. పది నెలల్లాంటిదేదో అనుకుని ఊరుకుంటారు.

ఇక్కడ బలప్రయోగం లేదు. చట్టం ఉంది, రాజీపత్రం ఉంది, మర్యాదలున్నాయి, రైతుకు ప్లీడరు కూడా ఉన్నాడు. భాష ఒక్కటే రైతుది కాదు. ఏ పల్లె దస్తావేజు చూసినా ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. అందుకే ఈ నవల ఇటలీ ఎల్లలు అంత తేలిగ్గా దాటింది.

బలం ఆ తర్వాత వస్తుంది. ఫాసిస్టుల నల్లచొక్కాల దండు లారీల్లో దిగి, మగవాళ్లు పొలాల్లో ఉండగా ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేస్తుంది. పొలాల నుంచి తిరిగొచ్చిన మగవాళ్లను వరసలో నిలబెట్టి, ఒక్కొక్కర్నీ ఒకే ప్రశ్న అడుగుతారు: ఎవరికి జై? ఏం చెబితే సరిపోతుందో ఎవరికీ తెలియదు. ఒకడు పాత రాణి పేరు చెబుతాడు, ఒకడు ఊరి దేవుడి పేరు చెబుతాడు. ప్రతి జవాబుకూ ఎదురుగా పుస్తకంలో ఒక ముద్ర పడుతుంది: రాజభక్తుడు, అరాచకవాది, మొండివాడు. జైకొట్టే పేరులో తప్పొప్పులు వెతికే అధికారానికి మనుషులు ఏమనుకుంటున్నారన్నది అక్కర్లేదు. తన మాట వాళ్ల నోట పలికితే చాలు.

ఊళ్లో అందరికన్నా బలవంతుడైన బెరార్దో వియోలా పని వెతుక్కుంటూ రోమ్ వెళ్లి, అక్కడ అనుకోకుండా అరెస్టవుతాడు. పోలీసులు ‘అజ్ఞాత వ్యక్తి’ అనే ఒక రహస్య కార్యకర్త కోసం ఊరంతా గాలిస్తున్నారు. చిత్రహింసల మధ్య బెరార్దో ఆ మనిషిని తానేనని ఒప్పుకుని ప్రాణం పోగొట్టుకుంటాడు. నిజాన్ని ప్రాణంగా చూసుకున్న రచయిత తన నాయకుడి చేత చివర్లో అబద్ధమాడించాడు. బొమ్మలాటలో లిస్బన్ పేరు చెప్పిన పిల్లలు గుర్తుకు రాక మానరు. అసలు మనిషి బయట పని కొనసాగించగలిగాడు. ఊళ్లోవాళ్లు సొంతంగా ఒక పత్రిక పెట్టి, ‘ఏం చేయాలి?’ అని పేరు పెట్టుకున్నారు. పేరు దగ్గరే పెద్ద చర్చ జరిగింది. ప్రతి అన్యాయం కిందా ఆ ప్రశ్నే రాయాలని తేల్చుకున్నారు. దండు మళ్లీ వచ్చింది. ఊరు మిగల్లేదు. తమ పేర్లు ఖాళీ కాగితం మీద వదిలినవాళ్లు ఈసారి తాము రాసిన కాగితం కోసం చనిపోయారు.

‘కాదు’ అనే ఒక్క మాట

‘రొట్టె, ద్రాక్షసారా’ 1936లో జర్మన్‌లో, 1937లో ఇటాలియన్‌లో వచ్చింది. 1955లో సిలోనే దీన్ని బాగా తిరగరాసి, పేరులోని రెండు మాటల్ని తారుమారు చేసి ఇటలీలో ప్రచురించాడు. రెండో పాఠంలో ప్రచారధోరణి తగ్గింది. ఒకే కథను తిరిగి తిరిగి రాస్తూ పోవడం ఆయనకు అలవాటు, ఇష్టం కూడా.

కథానాయకుడు పియెత్రో స్పీనా రహస్యంగా దేశంలోకి తిరిగొచ్చిన విప్లవకారుడు. పూజారి వేషంలో, దోన్ పావొలో పేరుతో ఒక కొండపల్లెలో దాక్కుంటాడు. స్వేచ్ఛ మీద సిలోనే ఆలోచనలన్నీ ఈ నవలలో సంభాషణలుగా పరుచుకున్నాయి. డాక్టరుగా స్థిరపడ్డ పాత మిత్రుడు, కాలం మారేదాకా ఓపిక పట్టాలంటాడు. స్పీనా ఒప్పుకోడు. తాత్కాలికమనుకుంటూ బతికే బతుకే చివరికి మొత్తం బతుకు అవుతుంది, ఇంకోటి రాదు. స్వేచ్ఛ ఎవరో ఇచ్చే దానం కాదు. నియంత పాలనలో ఉంటూ తన బుర్రతో ఆలోచించి, తనకు న్యాయమనిపించినదాని కోసం నిలబడినవాడు స్వేచ్ఛాపరుడే. ఎంతో స్వేచ్ఛ గల దేశంలో ఉన్నా ఆలోచించడానికి బద్ధకించేవాడు, లొంగి ఉండేవాడు బానిసే. ఇందులో ఒక ప్రమాదం ఉంది. మనసులో స్వేచ్ఛ ఉంటే చాలు, చట్టాలెట్లా ఉన్నా ఫర్వాలేదనే దాకా ఈ మాటను సాగదీయవచ్చు. సిలోనే అంతదూరం పోలేదు. ఆయన పాత్రలకు లోపలి స్వేచ్ఛ బయట ఏదో ఒక పని చేయించి తీరుతుంది.

నవలలో ఆ పని బొగ్గుముక్కతో గోడల మీద రాయడం. ఇథియోపియా మీద యుద్ధం ప్రకటించిన రోజున రేడియో చుట్టూ చేరిన జనం కేకల మధ్య దగ్గరి పట్నం ఊగిపోతుంది. ఆ రాత్రి స్పీనా యుద్ధానికి వ్యతిరేకంగా గోడల మీద నాలుగు మాటలు రాస్తాడు. మర్నాడు పట్నమంతా కలకలం. ఇంత పెద్ద ప్రభుత్వానికి నాలుగు మాటలంటే ఎందుకు భయమని ఒక అమ్మాయి అడుగుతుంది. నియంత పాలన ఏకగ్రీవం మీద నిలబడుతుందనీ, ఒక్కడు కాదంటే ఆ మంత్రం విరిగిపోతుందనీ స్పీనా వివరిస్తాడు. పట్టుకుని చంపేస్తే? కాదన్నవాణ్ని చంపడం కూడా తేలిక కాదు, శవం ఆ మాటనే అంటూ ఉంటుందంటాడు. మాస్కోలో ఏకగ్రీవం లేదని స్టాలిన్ తీర్మానం వెనక్కి తీసుకున్న ఉదయం ఈ సంభాషణ వెనక ఉందనడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

1938లో వచ్చిన ‘నియంతల బడి’ వేరే రకం పుస్తకం. నియంత కావాలని కోరుకునే ఒక అమెరికన్, అతని సలహాదారు ప్రొఫెసరు, జూరిచ్‌లో ప్రవాసి అయిన తొమ్మాజో మధ్య సంభాషణగా సాగుతుంది. నియంత గొప్పవాడు కానక్కర్లేదనేది ఇందులోని ముఖ్యమైన వాదన. ఎదుటిపక్షాల చేతగానితనం, సంస్థలు లోలోపల కుళ్లిపోవడం, విసిగిపోయిన జనం, ఇవే అతన్ని గద్దెనెక్కిస్తాయి. ఫాసిజాన్ని పెట్టుబడిదార్ల కుట్రగా మాత్రమే చూసే ఆనాటి సూత్రీకరణకు ఇది సూటి జవాబు. నవలల్లోని వెచ్చదనం లేకపోవడం వల్ల కొన్నిచోట్ల ఉపన్యాసంలా తోస్తుంది.

యుద్ధం తర్వాత

యుద్ధకాలంలో జూరిచ్ నుంచి సోషలిస్టు పార్టీ విదేశీ కేంద్రాన్ని నడిపి, ఫాసిజం మీద శాసనోల్లంఘనకు పిలుపునిచ్చి, 1942 డిసెంబరులో స్విస్ పోలీసుల చేతికి చిక్కాడు. 1944లో ఇటలీకి తిరిగొచ్చాడు. అదే ఏడాది ఐర్లాండ్‌కు చెందిన జర్నలిస్టు దారినా లారసీని పెళ్లాడాడు. ‘అవాంతీ!’ సంపాదకత్వం, 1946లో రాజ్యాంగ సభ సభ్యత్వం, సోషలిస్టుల చీలికల్లో కొన్నేళ్లు. తర్వాత పార్టీ రాజకీయాలు వదిలేశాడు. తాను పార్టీ లేని సోషలిస్టుననీ, చర్చి లేని క్రైస్తవుణ్ననీ చెప్పుకునేవాడు.

1949లో రిచర్డ్ క్రాస్‌మన్ సంకలనం చేసిన ‘విఫలమైన దేవుడు’లో ఆర్థర్ కోస్ట్లర్, ఆంద్రే జీద్, రిచర్డ్ రైట్ వంటివాళ్ల సరసన సిలోనే వ్యాసం చేరింది. మాస్కో కథ బయటపడింది అందులోనే. అయితే ఆయన కొందరిలా ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరంలోకి దూకలేదు. సిద్ధాంతాలు పాతబడతాయి, పేదవాళ్ల పక్షాన నిలబడాలన్న కోరిక మాత్రం పాతబడదన్నది ఆయన తేల్చుకున్న విషయం. 1956లో నికొలా క్యారొమొంతెతో కలిసి ‘తెంపో ప్రెజెంతె’ పత్రిక స్థాపించాడు. సోవియట్ పాలకులనూ ఇటలీ పాలకులనూ ఒకే కొలతతో కొలిచిన మంచి పత్రిక అది. దానికి డబ్బిచ్చిన సాంస్కృతిక స్వేచ్ఛా కాంగ్రెస్ వెనక అమెరికా గూఢచార సంస్థ సీఐఏ నిధులున్నాయని 1966, 67ల్లో వెల్లడైంది. 1968లో పత్రిక ఆగిపోయింది. కాగితం మీది రాతను ఎవరు నింపుతున్నారో చూడమని లోకానికి చెప్పిన మనిషికి ఇది చిన్న దెబ్బ కాదు. పత్రికలో ఆయన రాసినవాటి నిజాయితీని ఆ డబ్బు కొనలేదు. దాని మూలాన్ని ఆయన ఇంకా గట్టిగా వెతికి ఉండవలసింది.

అధికారం మీద ఆయన చివరి పెద్ద రచన ‘ఒక పేద క్రైస్తవుడి సాహసం’ (1968) అనే నాటకం. ఆ ఏడాది కంపియెల్లో బహుమతి దానికే వచ్చింది. ఇతివృత్తం 13వ శతాబ్దానిది, పాత్ర మాత్రం సొంత ఊరివైపుది. అబ్రుజ్జో కొండల్లో తపస్సు చేసుకునే పియెత్రో దా మొర్రోనే అనే ముసలి సన్యాసిని, రెండేళ్లకు పైగా ఎవర్నీ ఎన్నుకోలేకపోయిన కార్డినళ్లు 1294 జులైలో పోప్‌గా ఎన్నుకున్నారు. అయిదో సెలెస్తీన్‌గా లాక్విలాలో పట్టాభిషేకం జరిగింది. డిసెంబరు 13న ఆయన పదవి వదిలేశాడు. తర్వాత వచ్చిన ఎనిమిదో బోనిఫేస్ ఆయన్ను ఫుమోనె కోటలో బంధించాడు. 1296లో అక్కడే పోయాడు. మంచి మనిషి అధికారంలోకి వెళ్తే అధికారం మంచిదవుతుందా అన్నది నాటకంలో ప్రశ్న. సెలెస్తీన్ ముందుకూ కాగితాలు వస్తాయి. ఎవరో తయారుచేసినవి, ముద్ర వేయవలసినవి. ఆయన తప్పుకోవడాన్ని పిరికితనంగా చూసే పాత సంప్రదాయం ఇటలీలో ఉంది. సిలోనే దాన్ని ఒప్పుకోలేదు. పదవికన్నా మనస్సాక్షి పెద్దదని తేల్చుకున్నవాడి ధైర్యంగా చూశాడు.

సిల్వెస్త్రి కాగితాలు

సిలోనే చనిపోయిన దాదాపు రెండు దశాబ్దాలకు, 1990ల రెండో సగంలో, చరిత్రకారులు దారియో బ్యొక్కా, మావురో కనాలీ పోలీసు దస్త్రాల నుంచి ‘సిల్వెస్త్రి’ పేరుతో ఉన్న సమాచార నివేదికల్ని బయటపెట్టారు. రోమ్ రాజకీయ పోలీసు అధికారి గ్విదో బెల్లోనేకు కమ్యూనిస్టుల సమాచారం అందించిన ఆ సిల్వెస్త్రి సిలోనేయేనని వాళ్ల వాదన. ఈ సంబంధం 1919 ప్రాంతంలోనే మొదలైందని కూడా అన్నారు. చరిత్రకారుడు జుసెప్పె తంబురానో వంటివాళ్లు ఈ గుర్తింపును తీవ్రంగా ఖండించారు. సంబంధం ఉన్నా, అది 1928లో అరెస్టయిన తమ్ముణ్ని కాపాడుకునే ప్రయత్నమేనని ఇంకొందరు వాదించారు. 1930 ఏప్రిల్ 13 తేదీతో ఉన్న ఒక ఉత్తరం ఈ వివాదానికి కేంద్రం. అందులో రాసినవాడు తాను తీవ్రమైన అంతస్సంక్షోభంలో ఉన్నాననీ, ఈ జీవితాన్ని వదిలి కొత్తగా బతకాలనుకుంటున్నాననీ బెల్లోనేకు చెప్పుకుంటాడు. ‘ఫొంతమారా’ రాసిన ఏడాదే అది.

ఈ పత్రాలను పక్కకు నెట్టేయడం నాకు సరికాదనిపిస్తుంది. సత్యం గురించి ఇంతగా రాసినవాడి విషయంలో అది మరీ అన్యాయం. అదే సమయంలో వాటితో నవలలను కొట్టిపారేసేవాళ్లు నవలలను చదవలేదు. ‘రొట్టె, ద్రాక్షసారా’లో లుయీజీ మురీకా అనే విద్యార్థి ఉన్నాడు. అరెస్టయి, దెబ్బలు తిని, పోలీసులకు సమాచారం ఇచ్చేవాడిగా మారతాడు. పట్టుబడడమో బయటపడడమో కాదు అతన్ని తినేసేది. ఎవరికీ తెలియకపోతే తప్పు తప్పే కాకుండా పోతుందా అన్న ప్రశ్న. చివరికి అంతా ఒప్పుకుని, నిజం రాసి, దాని కోసం పోలీసు శిబిరంలో హింసలు పడి చనిపోతాడు. ఇరవయ్యో శతాబ్దపు రాజకీయ నవలల్లో గూఢచారిగా మారిన మనిషి లోపలి నరకాన్ని ఇంత దగ్గరగా చూపినవి చాలా తక్కువ. దస్త్రాలు బయటికి రాకముందు పాఠకులు దీన్ని రచయిత దయాగుణంగా చదివారు. ఇప్పుడు అందులో ఒప్పుకోలు కూడా వినిపిస్తుంది. వివాదం తేలకపోయినా, పాత్ర బలం ఇంకా పెరిగింది.

ఆదరణ

బయటి దేశాల్లో సిలోనే పేరు ఎంత పెద్దదో, ఇటలీలో విమర్శకుల ఆదరణ అంత చిన్నది. ఆయన ఇటాలియన్ మొరటుగా ఉందని కొందరు, పార్టీని వదిలినవాడని కొందరు దూరం పెట్టారు. ఆల్బేర్ కామూ 1939లోనే అల్జీర్స్ పత్రికలో ఆయన నవలను మెచ్చుకుంటూ రాశాడు. జార్జ్ ఆర్వెల్ ఆయన్ను కోస్ట్లర్, ఫ్రెంచ్ రచయిత ఆంద్రే మాల్రోల సరసన నిలిపాడు. సమాజంలో వ్యక్తి స్వేచ్ఛకు ఇచ్చే జెరూసలేం బహుమతి 1969లో ఆయనకు దక్కింది. 1980లో కార్లో లిద్జానీ ‘ఫొంతమారా’ను సినిమాగా తీశాడు, బెరార్దోగా మికేలె ప్లాచిదో నటించాడు.

సిలోనే 1978 ఆగస్టు 22న జెనీవాలో మరణించాడు. సమాధి పెషీనాలో, పాత సన్ బెరార్దో గంటగోపురం పక్కన ఉంది. మరణానంతరం ‘సెవెరీనా’ అనే అసంపూర్ణ నవలను దారినా పూర్తిచేసి 1981లో ప్రచురించింది. అందులో ఒక యువ సన్యాసిని, పోలీసుల కాల్పుల్లో ఒక మనిషి చనిపోవడం కళ్లారా చూస్తుంది. మఠం మంచి కోసం చూడలేదని చెప్పమని పెద్దలు కోరతారు. ఆమె చూసింది చూసినట్టు చెప్పి, మఠం వదిలి వెళ్లిపోతుంది. బ్రూనో ఫల్చెత్తో సంపాదకత్వంలో మొందదోరీ సంస్థ 1998, 1999ల్లో వెలువరించిన రెండు సంపుటాల్లో సిలోనే నవలలు, వ్యాసాలు ఒకచోట దొరుకుతాయి.